ఎనిమిదవ తరగతి గడప దాటిన తరువాత : ఉన్నత పాఠశాలలో ఒక విద్యా సంవత్సరం

ప్రత్యేక వ్యాసం

పదవ తరగతి ఫలితాలు వెలువడిన రోజున రాష్ట్రమంతటా ఒకే అంకెపై చర్చ జరుగుతుంది. ఉత్తీర్ణత శాతం ఎంత, ఏ జిల్లా మొదటి స్థానంలో నిలిచింది, ఏ జిల్లా చివరన ఉంది, నూరు శాతం సాధించిన పాఠశాలలు ఎన్ని అన్న వివరాలే మరునాటి పత్రికల మొదటి పుటలో చోటు చేసుకుంటాయి. పరీక్ష రాసిన వారిలో ఎందరు నెగ్గారో ఆ అంకె చెబుతుంది. పరీక్ష గది వరకు రాకుండానే బడి మానివేసిన వారి గురించి మాత్రం అది ఏమీ చెప్పదు. ఆ సంగతి తెలుసుకోవాలంటే ఉన్నత పాఠశాలలో ఒక విద్యా సంవత్సరం ఎలా మొదలై ఎలా ముగుస్తుందో, అందులో ఏ నెలలో ఏమి జరుగుతుందో, విద్యార్థి ఎక్కడ చేజారే ప్రమాదం ఉన్నదో క్రమంగా పరిశీలించవలసి ఉంటుంది.

బడి గంట మోగే వేళ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో పాఠశాలలు వేసవి సెలవుల అనంతరం సాధారణంగా జూన్ 12న తెరుచుకుంటాయి. ఏప్రిల్ 23తో విద్యా సంవత్సరం ముగియడం ఆనవాయితీ. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 6 నుంచి 10 వరకు అయిదు తరగతులు ఉంటాయి. చుట్టుపక్కల గ్రామాలలోని ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలల నుంచి పిల్లలు బదిలీ ధ్రువపత్రాలతో వచ్చి ఇక్కడ చేరుతారు. అయిదవ తరగతి ముగించినవారు ఆరులోకీ, ప్రాథమికోన్నత పాఠశాలలో ఎనిమిది వరకు చదివినవారు తొమ్మిదిలోకీ రావడంతో జూన్ మాసంలో ప్రధానోపాధ్యాయుల గది తల్లిదండ్రులతో కిటకిటలాడుతుంది. పాఠ్యపుస్తకాల పంపిణీ, ఏకరూప దుస్తుల కొలతలు, సెక్షన్ల విభజన, కాలనిర్ణయ పట్టిక తయారీ ఈ మాసంలోనే పూర్తి కావలసి ఉంటుంది.

ప్రతి ఉదయం ప్రార్థనా సమావేశంతో బడి మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్ పాఠశాలలలో శంకరంబాడి సుందరాచారి రచించిన రాష్ట్ర గీతాన్ని పాడుతారు. అందెశ్రీ రచించిన గీతాన్ని 2024లో తెలంగాణ తన రాష్ట్ర గీతంగా స్వీకరించింది. అనంతరం విద్యార్థులు ప్రతిజ్ఞ చేస్తారు. దేశంలోని అన్ని భాషల పాఠ్యపుస్తకాలకు ఎక్కిన ఈ ప్రతిజ్ఞ మొదట తెలుగులో వెలువడినదన్న విషయం చాలామందికి తెలియదు. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో జన్మించిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో, విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా పనిచేస్తున్న కాలంలో దీనిని రాశారు. ఒక ప్రభుత్వోద్యోగి రాసిన ఆ వాక్యాలను నేటికీ కోట్లాది విద్యార్థులు ప్రతి ఉదయం పలుకుతున్నారు.

ప్రార్థన ముగిశాక నేటి వార్తలు, సూక్తి, ప్రశ్నోత్తరాలు చదివే బాధ్యత తరగతుల వారీగా విద్యార్థులకే అప్పగిస్తారు. నలుగురి ముందు నిలబడి మాట్లాడడం గ్రామీణ విద్యార్థి నేర్చుకునే మొదటి వేదిక ఇదే. ఆ తరువాత తరగతి ఉపాధ్యాయుడు హాజరు పట్టీ తెరుస్తాడు. విద్యా సంవత్సరంలోని మిగిలిన కథంతా ఆ పట్టీలోనే నమోదవుతుంది.

ఎనిమిదవ తరగతి వద్ద ఆగిపోయే రక్షణలు

పాఠశాల విద్యకు సంబంధించిన ప్రధానమైన చట్టాలు, పథకాలు ఒకచోట చేర్చి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. వాటిలో చాలావరకు ఎనిమిదవ తరగతి వద్ద గాని, 14 సంవత్సరాల వయస్సు వద్ద గాని ఆగిపోతాయి.

2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 సంవత్సరాల వయస్సు గల బాలబాలికలకు వర్తిస్తుంది. ప్రాథమికోన్నత తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధనా గంటలు ఉండాలని ఈ చట్టమే నిర్దేశించింది. మధ్యాహ్న భోజనానికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే వాటా ఎనిమిదవ తరగతి వరకే పరిమితం. బాల కార్మిక నిషేధ చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం 14 సంవత్సరాల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నిషిద్ధం. 14 నుంచి 18 సంవత్సరాల వారి విషయంలో నిషేధం ప్రమాదకరమైన పనులకు మాత్రమే వర్తిస్తుంది.

తొమ్మిదవ తరగతిలో అడుగుపెట్టే విద్యార్థికి సుమారు 14 సంవత్సరాల వయస్సు ఉంటుంది. అంటే చట్టం చేయి వదిలే సమయమూ, ఇంటి పని, కూలి పని చేయి పట్టుకునే సమయమూ ఒక్కటే. అదే సంవత్సరం పాఠ్యాంశాలు కఠినమవుతాయి. భౌతిక, జీవ శాస్త్రాల లోతు పెరుగుతుంది. గణితంలో పునాది లేని విద్యార్థి వెనుకబడతాడు. పలువురికి బడి దూరమూ పెరుగుతుంది. ప్రాథమికోన్నత పాఠశాల 3 కిలోమీటర్ల లోపున ఉండాలన్నది విద్యా హక్కు చట్టం నిబంధనలలోని ప్రమాణం కాగా, 2009లో ప్రారంభమైన రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ సెకండరీ పాఠశాలకు 5 కిలోమీటర్ల దూరాన్ని ప్రమాణంగా తీసుకుంది.

ఈ పరిస్థితి గణాంకాలలోనూ ప్రతిబింబిస్తున్నది. కేంద్ర విద్యాశాఖ వెలువరించిన 2024-25 యు-డైస్ ప్లస్ నివేదిక ప్రకారం దేశవ్యాప్తంగా 6 నుంచి 8 తరగతుల మధ్య దశలో బడి మానివేసినవారు 3.5 శాతం కాగా, సెకండరీ దశలో ఆ శాతం 8.2. ఒక్క గడప దాటగానే నష్టం రెట్టింపునకు మించిపోతున్నదని దీని అర్థం. అందువల్లనే ఉన్నత పాఠశాలలో జరిగే ప్రతి కార్యక్రమాన్నీ ఒకే ప్రశ్నతో పరిశీలించడం సమంజసం. అది విద్యార్థిని మరునాడు మళ్లీ బడికి రప్పిస్తున్నదా, లేదా అన్నదే ఆ ప్రశ్న.

మధ్యాహ్నపు గంట

ఈ ప్రశ్నకు తెలుగు నేల ఇచ్చిన సమాధానాలలో మొదటగా చెప్పుకోదగినది మధ్యాహ్న భోజనం. 2001 నవంబరు 28న సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన ఆదేశాల అనంతరం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో ప్రాథమిక పాఠశాలలలో వండిన భోజనం వడ్డించడం ప్రారంభమైంది. 2008లో దీనిని ఉన్నత పాఠశాలలకు విస్తరించారు. కేంద్ర సహాయం ఎనిమిదవ తరగతితో ఆగిపోయినప్పటికీ, 9, 10 తరగతుల విద్యార్థుల భోజన వ్యయాన్ని రాష్ట్ర ప్రభుత్వమే భరించాలని ఆనాడు తీసుకున్న నిర్ణయం రాష్ట్ర విభజన తరువాత కూడా రెండు రాష్ట్రాలలో కొనసాగుతున్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకానికి 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గోదావరి సీమలో ఆకలితో వచ్చిన వారికి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన ఆ ఇల్లాలి పేరు ఈ పథకానికి తగినదే.

జాతీయ ప్రమాణాల ప్రకారం 6 నుంచి 8 తరగతుల విద్యార్థికి రోజుకు 150 గ్రాముల బియ్యంతో 700 కేలరీల శక్తి, 20 గ్రాముల మాంసకృత్తులు లభించే భోజనం అందించాలి. అయితే ఈ పథకం ప్రయోజనాన్ని కేలరీలలో మాత్రమే కొలవడం సరికాదు. ఉదయం చద్దన్నమైనా తినకుండా నాలుగైదు కిలోమీటర్లు నడచి వచ్చే పిల్లలు ప్రతి పాఠశాలలోనూ ఉన్నారు. పూర్వం మధ్యాహ్నం ఇంటికి వెళ్లిన పిల్లలలో కొందరు తిరిగి వచ్చేవారు కారు. ఇల్లు చేరగానే ఏదో ఒక పని ఎదురయ్యేది. బడిలోనే భోజనం పెట్టడంతో మధ్యాహ్నం పీరియడ్లలో తరగతి గది నిండుగా ఉంటున్నది. కులం, ఇంటి స్థితి ఏదైనా అందరూ ఒకే వరుసలో కూర్చుని తినడం మరో ప్రయోజనం. ఉపాధ్యాయులు ముందుగా రుచి చూసిన పిదపనే పిల్లలకు వడ్డించాలన్న నిబంధన పాటించే చోట భోజనం నాణ్యత దానంతటదే నిలబడుతుంది.

భోజనానంతరం వారానికొకసారి 6 నుంచి 10 తరగతుల విద్యార్థినీ విద్యార్థులకు నీలి రంగులో ఉండే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్ర ఇవ్వడం మరో ముఖ్యమైన కార్యక్రమం. రక్తహీనత గల బాలిక పాఠం వింటూనే అలసిపోతుంది. చదువులో మందమనిపించేది నిజానికి రక్తంలోని కొరత కావచ్చు. ఫిబ్రవరి, ఆగస్టు మాసాలలో నులిపురుగుల నివారణ దినోత్సవం సందర్భంగా ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర కూడా ఈ కోవలోనిదే.

వానకాలంలో బడి

జూలై మాసానికి పాఠాలు ఊపందుకుంటాయి. తొలి పరీక్షలు ఇప్పుడే మొదలవుతాయి. ఒకప్పటి యూనిట్ పరీక్షలు, త్రైమాసిక, అర్ధ సంవత్సర, వార్షిక పరీక్షల స్థానంలో నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చిన తరువాత నిర్మాణాత్మక, సంగ్రహణాత్మక మూల్యాంకనాలు అన్న పేర్లు వాడుకలోకి వచ్చాయి. పేరేదైనప్పటికీ ఉద్దేశం ఒక్కటే. విద్యార్థికి ఏది రాలేదో మార్చిలో కాక జూలైలోనే తెలుసుకోవడం. ఈ పరీక్షల విలువ కోవిడ్ కాలంలో స్పష్టంగా వెల్లడైంది. 2020, 2021 సంవత్సరాలలో పదవ తరగతి పబ్లిక్ పరీక్షలు రద్దు కావడంతో ఏడాది పొడవునా జరిగిన ఈ అంతర్గత పరీక్షల మార్కులే గ్రేడ్లకు ఆధారమయ్యాయి.

ఇదే కాలంలో పొలం పనులు కూడా ముమ్మరమవుతాయి. వరి నాట్లు, కలుపు తీతల రోజులలో బాలికల హాజరు, పశువులు కాచే ఇళ్లలో బాలుర హాజరు తగ్గుతుంది. పెద్దలు కూలికి వెళితే చిన్న పిల్లలను చూసుకునే బాధ్యత తొమ్మిదవ తరగతి చదివే అక్కపై పడుతుంది. వరుసగా మూడు రోజులు రాని విద్యార్థి ఇంటికి నాలుగవ రోజున కబురు పంపే పాఠశాలకూ, నెలాఖరున హాజరు శాతం లెక్కవేసి ఊరుకునే పాఠశాలకూ మధ్య తేడా సంవత్సరాంతంలో కనిపిస్తుంది.

ఆగస్టు 15 జెండా పండుగకు పక్షం రోజుల ముందు నుంచే మైదానంలో కవాతు, పాటలు, నాటికల సాధన మొదలవుతుంది. ఆగస్టు 29 తెలుగు పాఠశాలలకు రెండు విధాల ముఖ్యమైన రోజు. హాకీ క్రీడాకారుడు ధ్యాన్‌చంద్ జయంతి సందర్భంగా జాతీయ క్రీడా దినోత్సవాన్ని, గిడుగు వెంకట రామమూర్తి జయంతి సందర్భంగా తెలుగు భాషా దినోత్సవాన్ని అదే రోజున జరుపుకొంటారు. 1863లో జన్మించిన గిడుగు స్వయంగా ఉపాధ్యాయుడు. పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పడానికి పూనుకున్నారు. పిల్లవాడి భాషను బడి చిన్నచూపు చూస్తే పిల్లవాడు బడికి దూరమవుతాడని గుర్తించిన ఆ ఉపాధ్యాయుని అనుభవం నేటి గిరిజన ప్రాంత పాఠశాలలకూ వర్తిస్తుంది.

పాఠశాల క్రీడల సమాఖ్య ఆధ్వర్యంలో 14, 17 సంవత్సరాల లోపు విభాగాలలో మండల, జిల్లా స్థాయి పోటీలు జరుగుతాయి. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ జట్లలో స్థానం పొందిన విద్యార్థులను గమనిస్తే ఒక సంగతి అర్థమవుతుంది. చదువులో వెనుక వరుసలో ఉన్నవారు పలువురు మైదానంలో ముందు వరుసలో ఉంటారు. మార్కుల పట్టికలో కనిపించని గౌరవం వారికి ఇక్కడ లభిస్తుంది. ఆ గౌరవం కోసమే వారు బడికి వస్తారు. పరీక్షల పేరుతో వ్యాయామం పీరియడును రద్దు చేసి గణితం చెప్పడం మంచి ఉద్దేశంతో చేసే పనే అయినా, బడి మానే అవకాశమున్న విద్యార్థి విషయంలో అది ఎదురు ఫలితాన్ని ఇస్తుంది.

విద్యార్థులే ఉపాధ్యాయులు

సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం. 1888లో జన్మించి, 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షులుగా వ్యవహరించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1962లో రాష్ట్రపతి అయినప్పటి నుంచి ఆయన జయంతిని ఈ విధంగా జరుపుకొంటున్నారు.

పలు ఉన్నత పాఠశాలలు ఈ సందర్భంలోనో, మరొక అనువైన రోజుననో స్వపరిపాలన దినోత్సవాన్ని నిర్వహిస్తాయి. ఆ రోజు పదవ తరగతి విద్యార్థులు ఉపాధ్యాయులవుతారు. ఒకరు ప్రధానోపాధ్యాయుడు, మరొకరు మండల విద్యాశాఖాధికారి, ఇంకొకరు జిల్లా కలెక్టరు. గంట కొట్టే అటెండరు పాత్ర కూడా విద్యార్థిదే. తల్లి చీర కట్టుకుని వచ్చిన బాలిక ఆరవ తరగతిలో పాఠం చెబుతుంటే ఆమె చెల్లెలు అదే తరగతిలో కూర్చుని వింటుంది. ఆ ఒక్క పీరియడు కోసం రెండు రాత్రులు చదివి సిద్ధమయ్యే విద్యార్థులున్నారు. నేర్చుకున్నది మరొకరికి చెప్పగలిగినప్పుడే పాఠం తనదవుతుందన్న విషయం వారికి ఆ రోజు అనుభవంలోకి వస్తుంది. తాను కూడా ఉద్యోగం చేయగలనన్న ఊహ మొదటిసారి కలిగేది పలువురికి ఆనాడే.

ఆలోచనకు ప్రోత్సాహం, ప్రతిభకు వేతనం

వానకాలంలోనే ఇన్‌స్పైర్ మనక్ కార్యక్రమానికి విద్యార్థుల పేర్లు పంపుతారు. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం నిర్వహించే ఈ కార్యక్రమంలో ఒక్కొక్క పాఠశాల నుంచి అయిదు ఆలోచనల వరకు ప్రతిపాదించవచ్చు. ఎంపికైన విద్యార్థికి నమూనా తయారీ కోసం 10,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో జమ అవుతాయి. జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయి ప్రదర్శనలు తరువాతి దశలు. పొలంలో తండ్రి పడుతున్న శ్రమ, ఇంట్లో తల్లి ఎదుర్కొంటున్న ఇబ్బంది చూసి పరిష్కారం వెదకిన పిల్లల ఆలోచనలకు ఇక్కడ విలువ ఉంటుంది.

దసరా సెలవుల అనంతరం నవంబరు, డిసెంబరు మాసాలలో ఎనిమిదవ తరగతి విద్యార్థులకు జాతీయ ఉపకార వేతన ప్రతిభా పరీక్ష జరుగుతుంది. 2008లో ప్రారంభమైన ఈ పథకం ప్రత్యేకించి తొమ్మిదవ తరగతి గడప వద్ద బడి మానకుండా చూసేందుకు ఉద్దేశించినది. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షల రూపాయలకు మించకుండా, ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలలలో చదువుతున్నవారు దీనికి అర్హులు. మేధాశక్తి పరీక్షలో 90, పాఠ్యాంశాల పరీక్షలో 90 ప్రశ్నలు ఉంటాయి. ఎంపికైనవారికి తొమ్మిది నుంచి ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం వరకు ఏటా 12,000 చొప్పున నాలుగేళ్లలో 48,000 రూపాయలు అందుతాయి. కూలి డబ్బు కోసం కొడుకును పనికి పంపాలా, బడికి పంపాలా అని తర్జనభర్జన పడే కుటుంబానికి ఇది చిన్న మొత్తమేమీ కాదు. అయితే ఎంపికతో పని పూర్తి కాదు. బ్యాంకు ఖాతా వివరాలు, ఆధార్‌లోని పేరు, పాఠశాల రికార్డులోని పేరు సరిపోలాలి. ప్రతి సంవత్సరం పునరుద్ధరణకు దరఖాస్తు చేయాలి. ఒక అక్షరం తేడాతో వేతనం నిలిచిపోయిన సందర్భాలలో విద్యార్థి తరఫున మాట్లాడగలిగేది ప్రధానోపాధ్యాయులే.

డిసెంబరు 22న శ్రీనివాస రామానుజన్ జయంతిని గణిత దినోత్సవంగా 2012 నుంచి జరుపుకొంటున్నారు. ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన శాస్త్ర దినోత్సవం. 1928లో అదే తేదీన వెలువడిన పరిశోధన ఫలితానికి రెండేళ్ల తరువాత నోబెల్ బహుమతి అందుకున్న సి.వి. రామన్ బాల్యంలో చదివింది విశాఖపట్నంలోనే. మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణుడైనదీ అక్కడి నుంచే. ఈ రోజులలో పాఠశాల ప్రయోగశాల బీరువాలు తెరుచుకుంటాయి. అవి ఏడాదిలో ఈ ఒక్కరోజే తెరుచుకుంటున్నాయా, ప్రతి వారం తెరుచుకుంటున్నాయా అన్నది తనిఖీ అధికారులు గమనించదగిన విషయం.

ఒక పేరు, ఒక పుట్టిన తేదీ

పదవ తరగతి విద్యార్థికి సంబంధించి బయటి ప్రపంచానికి తెలియని ఒక ముఖ్యమైన ఘట్టం ప్రథమార్ధం ముగిసే సమయంలో జరుగుతుంది. పబ్లిక్ పరీక్షకు దరఖాస్తు చేసే నామినల్ రోల్స్ తయారీ అది. అన్ని సబ్జెక్టులకు కలిపి పరీక్ష రుసుము 125 రూపాయలు. విద్యార్థి పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, శరీరంపై గుర్తింపు కోసం రెండు పుట్టుమచ్చలు నమోదు చేస్తారు. ఈ వివరాలే తరువాత పదవ తరగతి ధ్రువపత్రంపై ముద్రితమవుతాయి. ఉద్యోగంలో చేరేటప్పుడూ, పాస్‌పోర్టు తీసుకునేటప్పుడూ, పదవీ విరమణ తేదీ లెక్కించేటప్పుడూ చూపవలసిన పత్రం అదే. నామినల్ రోల్స్‌లో దొర్లిన ఒక్క పొరపాటు సరిచేయించుకోవడానికి తరువాత ఏళ్ల తరబడి కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తుంది. తల్లిదండ్రులను పిలిపించి, చదివి వినిపించి, సంతకం లేదా వేలిముద్ర తీసుకునే పాఠశాలలలో ఈ బాధ ఉండదు.

ఇదే జాబితా మరో సత్యాన్ని కూడా బయటపెడుతుంది. జూన్‌లో హాజరు పట్టీలో ఉన్న పేర్లు, నామినల్ రోల్స్‌లో ఉన్న పేర్లు సరిపోల్చి చూస్తే మధ్యలో ఎవరు తప్పిపోయారో తెలిసిపోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న, తిరిగి 2025 జూలై 10న రాష్ట్రవ్యాప్తంగా ఒకే రోజున తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశాలు జరిగాయి. ఇటువంటి సమావేశాలకు వచ్చిన తల్లిదండ్రుల సంఖ్యతో పాటు రాని తల్లిదండ్రుల పేర్లు కూడా రాసి పెట్టుకోవడం ప్రయోజనకరం. బడి మానే ప్రమాదం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఆనాడు కూలి పోగొట్టుకుని బడికి రావడం కష్టం కావచ్చు.

సంక్రాంతి తరువాత

సంక్రాంతి సెలవులకు ముందు ముగ్గుల పోటీలు, గంగిరెద్దుల వేషాలతో పాఠశాల ఆవరణ కళకళలాడుతుంది. సెలవులు ముగిశాక వాతావరణం మారిపోతుంది. పదవ తరగతికి ఉదయం, సాయంత్రం ప్రత్యేక తరగతులు, రోజువారీ స్లిప్ టెస్టులు, ప్రీ-ఫైనల్ పరీక్షలు మొదలవుతాయి. విద్యార్థులను దత్తత తీసుకున్న ఉపాధ్యాయులు తెల్లవారుజామున ఫోను చేసి నిద్ర లేపుతారు. చీకటి పడిన తరువాత బాలికలు ఇల్లు చేరే ఏర్పాటు కూడా పాఠశాల బాధ్యతే అవుతుంది.

పాఠశాల దృష్టి మొత్తం పదవ తరగతిపై కేంద్రీకృతమైన ఈ నెలలలోనే తొమ్మిదవ తరగతి చూపు నుంచి జారిపోతుంది. పత్తి తీత, మిరప కోతలు జరిగే కాలమిది. కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి వైపు నుంచి కుటుంబాలు గుంటూరు ప్రాంతానికి, ఇతర చోట్లకు పనుల కోసం తరలివెళ్తాయి. తల్లిదండ్రులతో పాటు పిల్లలు కూడా వెళ్తారు. వలస వెళ్లే కుటుంబాల పిల్లలు ఊరిలోనే ఉండి చదువుకునేందుకు ఉద్దేశించిన సీజనల్ వసతి గృహాలు సకాలంలో తెరుచుకోవడం ఎంతో ముఖ్యం. కుటుంబం వెళ్లిపోయిన తరువాత తెరిచిన వసతి గృహం ఆ పిల్లవాడికి అక్కరకు రాదు.

బాలికల విషయంలో మరొక ప్రమాదం పొంచి ఉన్నది. వేసవి ముహూర్తాల మాటలు ఈ నెలలలోనే మొదలవుతాయి. 2006 బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం 18 సంవత్సరాలు నిండని బాలికకు వివాహం చేయడం నేరం. తొమ్మిదవ తరగతి బాలిక ఉన్నట్టుండి బడి మానడం ఇందుకు తొలి సూచన కావచ్చు. ఆ సంగతి ముందుగా తెలిసేది ఆమె స్నేహితురాలికి, ఆ తరువాత తరగతి ఉపాధ్యాయినికి. 1098 నంబరు ప్రతి తరగతి గది గోడపై రాసి ఉంచడం ఈ కారణంగానే అవసరం.

పరీక్షలు, వీడ్కోలు

మార్చి మధ్య నుంచి ఎండల కారణంగా ఒంటిపూట బడులు మొదలవుతాయి. పదవ తరగతికి ముందుగానే వీడ్కోలు సమావేశం జరుగుతుంది. తొమ్మిదవ తరగతి విద్యార్థులు చందాలు వేసుకుని మిఠాయిలు తెస్తారు. హాల్ టికెట్లు, పెన్నులు, పరీక్ష అట్టలు పంచుతారు. అయిదేళ్లు చదివిన బడిని విడిచి వెళ్తూ మాట్లాడబోయి గొంతు పెగలక కూర్చుండిపోయే విద్యార్థులు ప్రతి ఏటా ఉంటారు.

సాధారణంగా మార్చి మూడవ వారంలో పరీక్షలు ప్రారంభమవుతాయి. ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు. ఫెయిలైనవారికి మే, జూన్ మాసాలలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు ఉంటాయి. దానివల్ల విద్యా సంవత్సరం వృథా కాకుండా అదే ఏడాది ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. ఫలితాల రోజుననే ఈ విషయం ప్రతి ఇంటికీ చేరవలసి ఉన్నది. ప్రతిభ కనబరచిన గ్రామీణ విద్యార్థులకు 2008లో ప్రారంభమైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పదవ తరగతి మార్కుల ఆధారంగానే ప్రవేశం కల్పిస్తున్నది. మధ్యలో చదువు ఆపినవారికి సార్వత్రిక పాఠశాల ద్వారా పదవ తరగతి పూర్తి చేసే మార్గం కూడా తెరిచి ఉన్నది.

అడగవలసిన లెక్క

ఉదాహరణకు ఒక పాఠశాలలో ఎనిమిదవ తరగతిలో 60 మంది ఉన్నారనుకుందాం. రెండేళ్ల తరువాత వారిలో 48 మంది పదవ తరగతి పరీక్ష రాసి, 45 మంది ఉత్తీర్ణులైతే ఆ పాఠశాల ఫలితం 93.75 శాతంగా నమోదవుతుంది. అభినందన సభ కూడా జరుగుతుంది. కానీ మొదటి 60 మందితో పోల్చితే అది 75 శాతమే. మిగిలిన 12 మందిలో కొందరు గురుకులాలకో, మరో ఊరి పాఠశాలకో వెళ్లి ఉండవచ్చు. బదిలీ ధ్రువపత్రాలు చూస్తే వారి లెక్క తేలుతుంది. పత్రం తీసుకోకుండా, పరీక్ష రాయకుండా మిగిలిన పేర్లే అసలు లెక్క. పరీక్ష తప్పినవారికి సప్లిమెంటరీ ఉన్నది. ఈ పేర్లకు మాత్రం ఏ పరీక్షా లేదు, ఏ ఫలితమూ లేదు.

కనుక ఉన్నత పాఠశాలను సందర్శించే అధికారులు, పాత్రికేయులు నాలుగు సందర్భాలలో తొమ్మిదవ తరగతి హాజరు పట్టీని చూడడం ఉపయుక్తం. జూన్ చివరి వారంలో చూస్తే చుట్టుపక్కల పాఠశాలల నుంచి రావలసినవారు వచ్చారో లేదో తెలుస్తుంది. నాట్ల కాలంలో చూస్తే పొలానికి వెళ్తున్నవారు తెలుస్తారు. దసరా సెలవుల తరువాతి వారంలో, సంక్రాంతి సెలవుల తరువాతి వారంలో చూస్తే పండుగ తరువాత తిరిగి రానివారు తెలుస్తారు. ఈ నాలుగు సందర్భాలలోనూ ఒక్కొక్క పేరు వెంట ఒక ఇల్లు, ఒక కారణం ఉంటాయి. కారణం తెలిసినప్పుడు పరిష్కారం పెద్ద వ్యయంతో కూడినది కాకపోవచ్చు. ఒక బస్సు వేళ మార్పు, ఒక బ్యాంకు ఖాతా సవరణ, ఒక వసతి గృహం తలుపు, ఇంటి గుమ్మంలో ఉపాధ్యాయుడు చెప్పిన ఒక మాట సరిపోవచ్చు.

ఏప్రిల్ 23న చివరి గంట మోగినప్పుడు ప్రగతి పత్రాలు చేతికి ఇచ్చి పిల్లలను ఇళ్లకు పంపుతారు. ఎనిమిది నుంచి తొమ్మిదికి, తొమ్మిది నుంచి పదికి పై తరగతికి వెళ్లినట్లు ఆ పత్రాలపై రాసి ఉంటుంది. ఆ రాత నిజమయ్యేది జూన్ 12న ఆ విద్యార్థి మళ్లీ వచ్చి తన పేరు పిలిచినప్పుడు హాజరు పలికిన తరువాతనే.